ఇరవై ఆరు డిగ్రీలు

మార్చి 3

పిడుగుకి,

నాన్నమ్మ దీవెనలు. నువ్వు పడవెక్కిన మర్నాడే నీ ఇంటికి వచ్చి చేరాను. తాళంచెవి కింది వాటాలో ఉన్న దర్జీ దగ్గర పెట్టి వెళ్ళావు కదా. ఇచ్చే ముందు అతను "మీరు నిజంగా నాన్నమ్మేనా?" అని అడిగాడు. జాగ్రత్తగల మనిషి. నాకు నచ్చాడు.

నీ దీవిలో ఫోను పనిచేయదనీ, సామాను పడవ తెచ్చే ఉత్తరాలే గతి అనీ చెప్పావు. నాకేమీ ఇబ్బంది లేదు. ఉత్తరం రాయడం నాకు వచ్చు. నీకు వచ్చో లేదో ఇప్పుడు తెలుస్తుంది.

నీ ఇల్లు చూశాను. వంటగదిలో మూతలు లేని డబ్బాలు తొమ్మిది, డబ్బాలు లేని మూతలు పదకొండు. ఏ మూతా ఏ డబ్బాకీ పట్టదు. ఇలాంటి అమరిక కావాలని ప్రయత్నించినా కుదరదు. ఇంకో సంగతి: నీ గోడ గడియారం ఉన్న సమయమే చూపిస్తోంది. నా ఇంట్లో అలవాటు కొద్దీ పదిహేను నిమిషాలు తీసేసుకుని రెండు రోజులు కాఫీ ఆలస్యం చేసుకున్నాను.

ఇక తొట్టి. పెద్ద సూట్‌కేసంత గాజుపెట్టెలో సముద్రాన్ని కాపురం పెట్టించావు. చారల చేపలు రెండు, రొయ్య ఒకటి, నత్తలు ఆరు, వేళ్ళ పగడం, గుండీల పగడం. నువ్వు గోడకి అంటించిన సూచనలు చదివాను. "నీళ్ళు ఇరవై ఆరు డిగ్రీలు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు" అన్న మాట కింద మూడు గీతలు గీశావు. మొదట్లో కొంచెం సవరించవలసి వచ్చింది. తొందరపడకుండా సవరించాను. ఇప్పుడు థర్మామీటరులో ఎర్రగీత ఇరవై ఆరు మీద బుద్ధిగా నిలబడి ఉంది.

మనం ఒప్పుకున్న మాట మళ్ళీ రాస్తున్నాను, తర్వాత ఎవరూ నేను మర్చిపోయానని అనకుండా. కంటి ఆసుపత్రికి వెళ్ళడానికి మీ అమ్మ స్టేషనులో నాకోసం కాచుకుని ఉండగా రెండుసార్లు రైలు తప్పిపోయింది. తప్పు నాదే. జన్మలో రైలు తప్పిపోనిదాన్ని, ఒకే నెలలో రెండుసార్లు. అందువల్ల నేను ఒంటరిగా ఉండలేనని మీ అమ్మా, ఉండగలనని నువ్వూ వాదించుకున్నారు. చివరికి నువ్వే అన్నావు: "నేను వచ్చేదాకా నాన్నమ్మ ఒక్కతే నా తొట్టి చూసుకుంటుంది. అది పసిపిల్లకన్నా కష్టం. అది బాగుంటే నాన్నమ్మ తన ఇంటికి. లేకపోతే అమ్మ దగ్గరికి." నేను ఒప్పుకున్నాను. పరీక్షలు పెట్టి బతికినదాన్ని, రాయడానికి భయమేమిటి?

నాన్నమ్మ

మార్చి 12

నాన్నమ్మా,

నీ ఉత్తరం చూసి దీపం కాపలాదారు "ఎంత అందమైన దస్తూరీ!" అన్నాడు. నాది చూపించలేదు.

ఇక్కడ దీపస్తంభం ఒకటి, వాతావరణ కేంద్రం ఒకటి, పదిమంది మనుషులు, కోటి పక్షులు. నా పని నీకు తెలుసుగా? గాలినీ, ఎండనీ, వాననీ కొలిచే పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో సరిచూడటం. సగం అబద్ధాలు చెబుతున్నాయి. పక్షులు వాటి మీద కూర్చుంటే అవి మాత్రం ఏం చేస్తాయి పాపం.

తొట్టికి రెండు మాటలు. నీళ్ళు తగ్గితే మంచినీళ్ళు పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. వేడి ఉన్నట్టుండి పెరగనివ్వకు, తగ్గనివ్వకు. పెద్ద చేప పెత్తనం చేస్తుంటే కంగారుపడకు. అది ఆడది, చిన్నది మగది. ఆ జాతిలో ఇల్లు ఆవిడదే.

ఇరవై ఆరు దగ్గర ఉందంటే నాకు నిశ్చింత. నువ్వు గెలుస్తావు నాన్నమ్మా, నాకు తెలుసు.

నీ పిడుగు

మార్చి 21

పిడుగుకి,

నీ దస్తూరీ దాచిపెట్టి మంచి పని చేశావు.

పెద్ద చేపకి హెడ్మిస్ట్రెస్ అని పేరు పెట్టాను. చిన్నది వెనకాలే తిరుగుతుంది, ఏ మూలకి పొమ్మంటే ఆ మూలకి పోతుంది. దానికి పేరు పెట్టలేదు. మీ తాతయ్య గుర్తొచ్చి మానేశాను.

ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయి. నీది చిన్న తొట్టి కదా, చంటిపిల్ల ఒళ్ళులా ఇట్టే కాగుతుంది. మధ్యాహ్నానికి ఎర్రగీత ఇరవై ఏడు దాటబోయింది. కిటికీకి దుప్పటి కట్టాను. తొట్టి దీపం పగలు మానేసి సాయంత్రం వెలిగిస్తున్నాను. నీ చిన్న ఫ్యాను తొట్టి అంచుకి బిగించి నీళ్ళ మీదికి తిప్పాను. నీళ్ళు ఆవిరవుతూ వేడిని వెంట తీసుకుపోతాయి, ఎనిమిదో తరగతి పాఠం. పోయేది నీరే గాని ఉప్పు కాదు కాబట్టి మంచినీళ్ళే పోయాలన్న నీ మాట సరైనదే. మార్కులు వేశాను. ఎర్రగీత మళ్ళీ ఇరవై ఆరుకి వచ్చింది.

అయినా ఒక సంగతి దాచకూడదు. వేళ్ళ పగడం కొసలు పాలిపోతున్నాయి. గుండీల పగడం మునుపటిలా విచ్చుకోవడం లేదు. చేపల కొట్టతన్ని అడిగాను. "మీరు చెప్పే లెక్క ప్రకారమైతే మీ పగడాలు నవ్వుతూ ఉండాలి టీచరమ్మా!" అన్నాడు. నవ్వడం లేదయ్యా అన్నాను. దీపం ఇంకాస్త తగ్గించమన్నాడు. తగ్గించాను.

మరో చెడ్డవార్త. రొయ్య చచ్చిపోయింది. పొద్దున లేచేసరికి రాతి పక్కన వెల్లకిలా పడి ఉంది. మీ అమ్మ వస్తే ఆ మాటే చెప్పాను.

మీ అమ్మ ఆదివారాలు వస్తోంది. వచ్చినప్పుడల్లా నా మందుల డబ్బా సర్దుతుంది. పోయిన చలికాలం దగ్గరుండి నా ఇంటికి రంగులు వేయించినప్పుడూ ఇంతే. చీపురు నుంచి చిమ్నీ దాకా అన్నీ సర్దింది. మంచి మనసే. ఆ తర్వాత సూది కావాలన్నా నేను ఇల్లంతా వెతుక్కోవలసి వచ్చింది.

నాన్నమ్మ

తా.క. ఉత్తరం మడిచేలోగా రొయ్య రాతి కింద నుంచి బయటికి వచ్చింది. చావలేదు. పెంకు విడిచిందంతే. నేను సంతాపం ప్రకటించింది దాని పాత చొక్కాకి.

మార్చి 30

నాన్నమ్మా,

రొయ్య సంగతి చదివి ఇక్కడ పదిమందీ పడీపడీ నవ్వారు.

కానీ పగడం పాలిపోతోందంటే నాకు భయంగా ఉంది. వేడి ఎక్కువైతేనే అలా అవుతుంది. పగడం ఒంట్లో దానికి తిండి వండిపెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. రంగు కూడా వాటిదే. నీళ్ళు వేడెక్కితే పగడం వాటిని బయటికి గెంటేస్తుంది. తెల్లబడి, ఆకలితో పోతుంది. ఇరవై ఆరులో అలా జరగదు నాన్నమ్మా. ఎంత ఆలోచించినా జరగదు.

ఏమీ అనుకోకు. థర్మామీటరు చూసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటున్నావా? గీతలు బాగా సన్నగా ఉంటాయి. రోజూ చూడటం మాత్రం మర్చిపోవడం లేదు కదా? వేళ్ళ పగడం నేను చిటికెనవేలంత ముక్క నుంచి పెంచుకున్నది. నీకు తెలుసు.

నీ పిడుగు

ఏప్రిల్ 8

మనవరాలికి,

కళ్ళద్దాలు పెట్టుకునే చూస్తున్నాను. పెట్టుకోకుండా భూతద్దంతో కూడా చూశాను. రెండు విధాలా ఇరవై ఆరే.

మర్చిపోవడం లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూస్తున్నాను. చూడకుండా అంకె వేసే పిల్లలకి బడిలో ఏం చేసేదాన్నో మీ నాన్నని అడుగు. వాడి మోకాళ్ళకి ఇంకా గుర్తుండి ఉంటుంది.

వేళ్ళ పగడం సగం దాకా తెల్లబడింది. చేపలు, రొయ్య, నత్తలు క్షేమం.

నాన్నమ్మ

ఏప్రిల్ 15

నాన్నమ్మా,

నీకు కోపం వచ్చింది. "పిడుగుకి" అని కాకుండా "మనవరాలికి" అని రాశావు. నేను అడిగిన తీరు బాగాలేదు, క్షమించు.

కానీ అమ్మ కూడా రాసింది. ఒక మధ్యాహ్నం తను వచ్చేసరికి నువ్వు కుర్చీలో నిద్రపోతున్నావట, ఫ్యాను ఆపేసి ఉందట. రొయ్య చచ్చిపోయిందని నువ్వు చెప్పావట, చూస్తే బతికే ఉందట. "మీ నాన్నమ్మకి ఏది జరిగిందో ఏది జరగలేదో తెలియడం లేదే. నాకు భయమేస్తోంది" అని రాసింది. రొయ్య సంగతి నాకు తెలుసు కాబట్టి నేను నమ్మలేదు. అయినా ఒక్క మాట. నీకు సాయంగా ఉంటుందని రోజూ ఓసారి వచ్చి థర్మామీటరు చూడమని అమ్మకి రాశాను. నీ మీద అనుమానంతో కాదు. ఇద్దరు చూస్తే మంచిదని.

నువ్వేమీ అనుకోవుగా?

నీ పిడుగు

ఏప్రిల్ 24

పిడుగుకి,

ఇది కోపంతో రాస్తున్నది కాదు. కోపం అయిపోయింది.

మీ అమ్మ రోజూ వస్తోంది. ఉద్యోగం నుంచి నేరుగా, రెండు బస్సులు మారి, చెమటలు కక్కుకుంటూ వస్తోంది. వచ్చి తొట్టి ముందు వంగి చూస్తుంది. "ఇరవై ఆరే ఉంది అత్తయ్యా" అంటుంది. ఆ మాట నీకు రాయమన్నాను. "రాస్తాను గానీ, నేను వచ్చే వేళ తెలుసు కదా మీకు" అని నవ్వింది. నవ్వుతూ అన్నా మాట మాటే. దొంగ లెక్క చూపిస్తున్నానని ఇంతవరకూ నన్ను ఎవరూ అనలేదు.

ఆ రోజు ఫ్యాను ఎందుకు ఆపానో చెబుతాను. మబ్బు పట్టి గది చల్లబడింది. ఎర్రగీత ఇరవై ఆరు కిందికి జారింది. అందుకే ఆపాను. కానీ మీ అమ్మ అడిగిన క్షణంలో, ఆపింది నేనేనా, కరెంటు పోయిందా అని నాకే సందేహం వచ్చింది. జవాబు చెప్పేలోగా ఆవిడ జాలిగా చూసింది. ఆ జాలి చూడలేక ఊరుకున్నాను.

పెంకు చూసి చచ్చిందన్నాను. రైళ్ళు రెండు పోగొట్టుకున్నాను. ఇప్పుడు నా కళ్ళ ముందే, నేను ఇరవై ఆరు అంటున్న నీళ్ళలో నీ పగడం ఉడికిపోతోంది. తప్పు ఒకటైతే పొరపాటు అనవచ్చు. అన్ని వేళ్ళూ ఒకే వైపు చూపిస్తుంటే, ఆ వైపు చూడవలసిందే. నిన్న స్టవ్వు కట్టేశానో లేదో చూడడానికి మూడుసార్లు వంటగదిలోకి వెళ్ళాను. మూడుసార్లూ కట్టేసే ఉంది. పూర్వం ఒక్కసారి కూడా వెళ్ళేదాన్ని కాదు.

నేను చేసిందంతా వరసగా రాస్తున్నాను. తప్పు ఎక్కడుందో నీకైనా దొరుకుతుందేమో. నేను వచ్చిన రోజు ఎర్రగీత ఇరవై నాలుగు దగ్గర ఉంది. వెళ్ళే హడావుడిలో నువ్వు చూసుకోలేదని అనుకుని, హీటరు మర కొంచెం కొంచెంగా తిప్పి రెండు డిగ్రీలు పెంచాను. అప్పటి నుంచీ ఇరవై ఆరు దగ్గరే కాపాడుతున్నాను. ఎండ రోజుల్లో ఫ్యాను, మరీ వేడైతే గడ్డకట్టించిన నీళ్ళ సీసా తొట్టిలో తేలవేయడం. ఉప్పు మోతాదు సరిగ్గానే ఉందని కొట్టతను చెప్పాడు. ఇంతకు మించి నేనేమీ చేయలేదు. చేసి మర్చిపోయానేమో, అది నేను చెప్పలేను కదా.

మీ నాన్నతో మాట్లాడాను. నీ ఒప్పందం ప్రకారం నేను ఓడిపోయినట్టే. నువ్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు. నా ఇల్లు అద్దెకి చూడటానికి వచ్చే నెల పదిన ఎవరో వస్తారట. సరే అన్నాను. నా పుస్తకాలు మాత్రం మీ అమ్మని సర్దనివ్వవద్దు.

పగడానికి క్షమాపణ చెప్పుకునే భాష నాకు రాదు. నీకు చెబుతున్నాను.

నాన్నమ్మ

ఏప్రిల్ 30

నాన్నమ్మా! నాన్నమ్మా! నాన్నమ్మా!

ముందు పుస్తకాలు సర్దడం ఆపు. ఎక్కడికీ వెళ్ళకు. ఇల్లు ఎవరికీ చూపించకు.

ఆ థర్మామీటరు అబద్ధాలకోరు. అది రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఇల్లు మారేటప్పుడు ఎక్కడో కుదుపుకి, గాజు లోపల గీతలున్న కాగితం జారిపోయింది. నాకు తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. అది ఇరవై నాలుగు చూపిస్తే నీళ్ళు ఇరవై ఆరు. రోజూ చూస్తాను, మనసులో రెండు కలిపేసుకుంటాను. కలుపుకుంటున్నానని కూడా నాకు తెలీదు. అందుకే నీకు చెప్పాలని తోచలేదు. సూచనలలో అసలు వేడి రాశాను, థర్మామీటరు చూపించేది కాదు. నువ్వు వచ్చిన రోజు అంతా సరిగ్గానే ఉంది. నా మాట విన్నందుకే నీళ్ళు ఇరవై ఎనిమిదికి వెళ్ళాయి. ఎండలో అంతకన్నా పైకి. నువ్వు ఇంకాస్త అజాగ్రత్తగా ఉండి ఉంటే నా పగడం బతికేది!

నీ మొదటి ఉత్తరంలో "సవరించాను" అని రాశావు. ఎంత నుంచి ఎంతకి అని నేను అడగలేదు. ఇరవై నాలుగు దగ్గర ఉందని ఇప్పుడు చదివేసరికి కుర్చీలోంచి లేచిపోయాను. పరికరాలు సరిచూడటం నా ఉద్యోగం నాన్నమ్మా! దీపం కింద చీకటి అంటే నేనే. అచ్చం మన గడియారంలాగే అయింది. నీ ఇంట్లో అది పదిహేను నిమిషాలు ముందుంటుందని ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరం తీసేసుకుంటాం. ఆ అలవాటు నాకు అక్కడే అంటిందేమో.

ఒక్కసారిగా చల్లార్చకు. రోజుకి అర డిగ్రీ చాలు. ఆ థర్మామీటరులో ఇరవై నాలుగు వచ్చేదాకా.

రేడియోలో చెప్పించమని దీపం కాపలాదారుని బతిమాలాను. ప్రమాదాలకి తప్ప వాడకూడదన్నాడు. ఇది ప్రమాదమే అన్నాను. చేపల తొట్టి ప్రమాదం కిందికి రాదట. మా నాన్నమ్మ వస్తుందా అన్నాను. ఆలోచించి, రాదన్నాడు. రేపటి పడవ ఈ ఉత్తరాన్ని పదో తారీకు లోపల చేర్చకపోతే ఆ మనిషితో జన్మలో మాట్లాడను.

తప్పు నీది కాదు. ఒక్క రోజు కూడా కాదు.

నీ పిడుగు

మే 9

పిడుగుకి,

నీ ఉత్తరం నిన్న చేరింది. కాపలాదారుతో మాట్లాడవచ్చు.

నువ్వు చెప్పావు కాబట్టి నమ్మేస్తానని అనుకోకు. గ్లాసు నిండా ఐసు దంచి, కాసిని నీళ్ళు పోసి, నీ థర్మామీటరు అందులో నిలబెట్టాను. కరిగే ఐసు ఎక్కడైనా, ఎవరి చేతిలోనైనా సున్నా డిగ్రీలే. దానికి మొహమాటం లేదు. నీ ఎర్రగీత సున్నా దాటి, ఇంకా రెండు గీతలంత కిందికి, అంకెలు లేని చోటికి పోయి ఆగింది. ఇంత చిన్న పరీక్ష మొదటి రోజునే చేయవలసింది. చేయలేదు. థర్మామీటరుని అనుమానించే ముందు నన్ను నేను అనుమానించుకున్నాను. రెండు నెలల కిందటైతే నా వరస వేరేగా ఉండేది.

నీళ్ళు తగ్గిస్తున్నాను. రోజుకి అర డిగ్రీ అని నువ్వు చెప్పనక్కరలేదు. జ్వరం కాదు కదా మాత్ర వేసి దించడానికి.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో "మన గడియారంలాగే" అన్న చోట ఆగిపోయాను. సాయంత్రం మీ అమ్మ వచ్చింది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

"నా ఇంట్లో గోడ గడియారం నువ్వు ముట్టుకున్నావా అమ్మాయ్?"

"ఏ గడియారం అత్తయ్యా?"

"ఉన్నది ఒకటేగా."

"ఓ, అదా! రంగులవాళ్ళు దించి పడేస్తే నేనే తుడిచి, కొత్త సెల్లు వేసి తగిలించాను. పాపం పదిహేను నిమిషాలు ముందు తిరుగుతోంది. సరిచేశాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

మీ అమ్మ చేతిలోని కాఫీ కప్పు వైపు చూసింది. "చెబితే చిన్నబుచ్చుకుంటారని. మీకు కళ్ళు సరిగ్గా ఆనక తప్పుగా పెట్టుకున్నారేమో, ఎత్తిచూపడం ఎందుకులే అనుకున్నాను."

"అది ముప్పై ఏళ్ళుగా ముందే నడుస్తోంది. నేనే పెట్టాను, బడి గంటకి ఆలస్యం కాకూడదని. చూసి పదిహేను తీసేసుకుంటాను. అందరూ తీసేసుకుంటారు. మీ ఆయన కూడా."

"ఆయనకి తెలుసా?"

"పాలపళ్ళు ఊడక ముందు నుంచీ తెలుసు."

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నాతో ఒక్క ముక్క అనలేదే!"

"నువ్వు అడిగితేగా చెప్పడానికి. అడిగినా సగమే చెబుతాడు."

ఆవిడ నవ్వబోయి ఆగింది. కప్పు కింద పెట్టింది. "అత్తయ్యా... మరి ఆ రైళ్ళు?"

"ఆ రైళ్ళు రెండూ సరైన సమయానికే వెళ్ళాయి. సరిగ్గా నడుస్తున్న గడియారంలోంచి నేను పదిహేను నిమిషాలు తీసేసుకుని, తీరుబడిగా తాళం వేసుకుని బయలుదేరాను."

మీ అమ్మ ఏడ్చింది. చప్పుడు లేకుండా, ముక్కు ఎర్రబడేలా. "మీకేదో అయిపోతోందని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు అత్తయ్యా. మా అమ్మకి ఇలాగే మొదలైంది. అప్పుడు చూస్తూ ఊరుకున్నాను. ఈసారి ఊరుకోకూడదనుకున్నాను" అంది.

ఆవిడ తల్లి చివరి రోజుల సంగతి నాకు తెలుసు. ఆ సంగతిని ఈ సంగతితో కలిపి చూడటం నాకు తట్టలేదు. రెండు నెలలుగా మీ అమ్మ నన్ను గెంటేయాలని చూస్తోందనుకున్నాను. ఆవిడ పట్టుకుని ఉండాలని చూస్తోంది. పట్టు కాస్త గట్టిదైంది, అంతే.

"ఏడిస్తే రైలు వెనక్కి రాదు. కాఫీ చల్లారిపోతోంది, తాగు" అన్నాను. తాగింది. తర్వాత మీ నాన్నకి ఫోను చేసింది. ఇల్లు చూడటానికి రేపు ఎవరూ రావడం లేదు. గడియారం గురించి కూడా ఏదో అడిగింది. ఇక్కడిదాకా వినపడేంత గట్టిగా అడిగింది.

ఇప్పుడు పగడం సంగతి చెప్పాలి. వేళ్ళ పగడం దాదాపు పోయింది. ఎముకలా తెల్లగా నిలబడి ఉంది. అడుగున రాతికి అంటుకున్న చోట గోరంత మేర ఇంకా గోధుమరంగు కనబడుతోంది. అది పగడమా, నాచా నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు రాయను.

నాన్నమ్మ

మే 17

నాన్నమ్మా,

ఉత్తరం చదివి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కాపలాదారు వచ్చి "ఇప్పుడు ప్రమాదమా?" అని అడిగాడు. కాదు, అయిపోయిందన్నాను.

ఆ గోరంత ముక్క దగ్గర వేలితో నెమ్మదిగా నీళ్ళు కదిపి చూడు. నాచైతే ఊగుతుంది. పగడమైతే ముడుచుకుంటుంది.

అమ్మకి కూడా రాశాను. తనని తిట్టలేదు. నాకు ఆ హక్కు లేదు, రెండు డిగ్రీలు దాచినదాన్ని.

ఈ నెలాఖరుకి వచ్చేస్తాను. నేను పెట్టిన ఒప్పందం ప్రకారం తొట్టి చూసి ఫలితం నేనే ప్రకటించాలి.

నీ పిడుగు

జూన్ 6

పిడుగుకి,

నా ఇంటి నుంచి నా బల్ల మీద రాస్తున్నాను. సీలింగు ఫ్యాను ఇంకా కిర్రుమంటూనే ఉంది. ఎవరూ నూనె వేయనందుకు సంతోషించాను.

నువ్వు వచ్చిన సాయంత్రం సామాను గుమ్మంలోనే పడేసి, చేతులు కూడా కడుక్కోకుండా తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నావు. నేనూ మీ అమ్మా వెనక నిలబడ్డాం. హెడ్మిస్ట్రెస్ నిన్ను గుర్తుపట్టినట్టే లేదు, నీ వేలికి ఎదురొచ్చింది. నువ్వు గాజుకి ముక్కు ఆనించి వెతుకుతుంటే మీ అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు నువ్వు నీళ్ళు కదిపావు. ఆ గోరంత ముక్క ముడుచుకుంది. "ఉంది" అన్నావు. అంతే అన్నావు. ఫలితం ప్రకటించడం మర్చిపోయావు. నేను అడగలేదు. మీ అమ్మే, "ఇంకేం, అత్తయ్యా, మీ పెట్టె ఎక్కడ?" అంది.

కొత్త థర్మామీటరు నీ వంటింటి గూట్లో పెట్టాను. ఐసులో పరీక్షించే తెచ్చాను. కొట్టతను ఐసు గ్లాసు చూసి "ఏ చేపకి టీచరమ్మా ఇది?" అని అడిగాడు. పాతది పారేయలేదు. దానికి ఎర్రదారం కట్టాను. ఎవరైనా ఇదేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పవలసి వస్తుంది.

మీ అమ్మ నన్ను దింపడానికి ఇంటిదాకా వచ్చింది. గోడ గడియారం కింద నిలబడి, "దీన్నేం చేయమంటారు?" అంది. నీ ఇష్టం అన్నాను. స్టూలు వేసుకుని ఎక్కింది. ముల్లు తనే తిప్పింది. దిగి, దూరంగా వెళ్ళి చూసి, "సరిపోయిందా?" అని అడిగింది. సరిపోయిందన్నాను. వచ్చే ఆదివారం కంటి ఆసుపత్రికి రైలు ఉంది. స్టేషనుకి ఎవరు ముందు చేరతారో చూద్దామని పందెం కాసింది.

పగడం ఎంత పెరిగిందో రాయి. సుమారుగా కాదు, కొలిచి రాయి. దేనితో కొలిచావో కూడా రాయి.

గడియారం ఇప్పుడు నాలుగు ముప్పావు చూపిస్తోంది. అంటే నాలుగున్నర. అయిదింటికి తపాలా డబ్బా తెరుస్తారు. చెప్పులు వేసుకుని నేనే వెళ్ళి వేసి వస్తాను. చాలా సమయం ఉంది.

నాన్నమ్మ